డిస్పైట్, ఆల్దో, అన్‌లైక్: ఆంగ్లంలో ‘అయినా’ చెప్పేటప్పుడు ఏ మాట ఎక్కడ వాడాలి?

ప్రశ్న (నివేదికల బల్ల):

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను రోజూ ఆంగ్లంలో నివేదికలు రాయవలసి ఉంటుంది. ఏళ్ల తరబడి రాస్తున్నా, ఒక రకం వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది. రెండు విషయాలు ఒకదానికొకటి ఎదురుగా నిలిచినప్పుడు, వాటిలో ఒకటి ఎవరిదో లేక దేనిదో కూడా అదే వాక్యంలో చెప్పవలసి వచ్చినప్పుడు, ప్రిపోజిషన్ వాడాలో కంజంక్షన్ వాడాలో నాకు తేలదు. ఈమధ్య నేను పంపిన ఒక నివేదికలో మా పై అధికారి నాలుగు వాక్యాల కింద ఎర్రగీతలు గీసి, కారణం ఏమీ రాయకుండా తిప్పి పంపారు. ఆ వాక్యాలు ఇవి.

మొదటిది: ‘డిస్పైట్ ఆఫ్ ది టీమ్ వర్క్‌డ్ హార్డ్, ది జాబ్ వజ్ నాట్ ఫినిష్‌డ్.’ జట్టు ఎంత కష్టపడినా పని పూర్తి కాలేదని నా ఉద్దేశం.

రెండవది: ‘ఆల్దో అవర్ బెస్ట్ ఎఫర్ట్స్, ది ఫస్ట్ టెస్ట్ ఫెయిల్‌డ్.’ మేము శక్తివంచన లేకుండా ప్రయత్నించినా మొదటి పరీక్ష విఫలమైందని.

మూడవది: ‘ఆల్దో ది సెకండ్ టెస్ట్ సక్సీడెడ్, బట్ ఇట్స్ కాస్ట్ వజ్ హై.’ రెండవ పరీక్ష గట్టెక్కినా దాని ఖర్చు ఎక్కువైందని. ఇందులో ‘ఇట్స్’ అన్న మాటకు నేను అపాస్ట్రఫీ పెట్టాను.

నాలుగవది: ‘అన్‌లైక్ ది ఫస్ట్ మెషీన్, ది సెకండ్ మెషీన్స్ నాయిజ్ ఈజ్ లో.’ మొదటి యంత్రంలా కాకుండా రెండవ యంత్రం చప్పుడు తక్కువని.

తెలుగులో అనుకున్నప్పుడు ఈ నాలుగింటిలో ఏదీ నాకు తడబాటుగా అనిపించదు. నిఘంటువు తెరిస్తే డిస్పైట్, ఆల్దో, ఈవెన్ దో, హౌఎవర్ అన్నింటికీ ఇంచుమించు ‘అయినప్పటికీ’ అనే అర్థమే కనిపిస్తుంది. అర్థం ఒకటే అయినప్పుడు ఒకదాని చోట మరొకటి ఎందుకు ఇమడదు? దీనికి బట్టీ పట్టే జాబితా కాకుండా, నా అంతట నేను సరిచూసుకునే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.


సమాధానం 1 (వాక్యశిల్పి):

నమస్కారం. మీ మొదటి రెండు తప్పులకు మూలం ఒక్కటే, అందువల్ల ముందు వాటిని చూద్దాం. నిఘంటువు మాటకు అర్థం చెబుతుంది గానీ, ఆ మాట తన పక్కన ఎటువంటి కూర్పును కోరుతుందో చాలాసార్లు చెప్పదు. డిస్పైట్, ఇన్ స్పైట్ ఆఫ్ అనేవి ప్రిపోజిషన్లు కాబట్టి వాటి తర్వాత నామపదం గానీ నామపదం వంటిది గానీ రావాలి. ఆల్దో, దో, ఈవెన్ దో అనేవి కంజంక్షన్లు కాబట్టి వాటి తర్వాత కర్త, క్రియ రెండూ ఉన్న ఉపవాక్యం రావాలి. హౌఎవర్, నెవర్‌దలెస్ అనేవి ఈ రెండూ కావు. అవి క్రియావిశేషణాలు కాబట్టి రెండు వాక్యాలను అతకలేవు, తర్వాతి వాక్యంలో నిలబడి ముందు వాక్యం వైపు చూపగలవు, అంతే. అందుకే హౌఎవర్‌కు ముందు కామా పెట్టి రెండు పూర్తి వాక్యాలను కలిపితే తప్పవుతుంది. అక్కడ ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ ఉండాలి.

మీరు సరిచూసుకోవలసింది ఇంతే: ఆ మాట నుంచి కామా వరకు ఉన్న ముక్కను విడిగా చదవండి. అందులో కాలం తెలిపే క్రియ ఉందా, లేదా? ‘ది టీమ్ వర్క్‌డ్ హార్డ్’ అన్న ముక్కలో ఉంది, కనుక దాని ముందు ఆల్దో నిలుస్తుంది. ‘అవర్ బెస్ట్ ఎఫర్ట్స్’ అన్న ముక్కలో లేదు, కనుక దాని ముందు డిస్పైట్ నిలుస్తుంది. మీరు ఆ రెండు మాటలను తారుమారు చేశారు.

ఈ తారుమారు మనకు ఎందుకు జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. తెలుగులో ఎదురు భావాన్ని మోసేది క్రియకు చేరే ప్రత్యయం. వచ్చినా, చేసినా, కష్టపడినా అన్న రూపాలను మన వ్యాకరణంలో అప్యర్థకం అంటారు. నామపదం ఉన్నచోట కూడా ‘అగు’ ధాతువును పిలిచి ‘కష్టమైనా’, ‘పెద్దదైనా’ అనే అంటాం. అంటే మన ఆలోచన ఎప్పుడూ క్రియ మీదుగానే నడుస్తుంది. ఆల్దో మనకు దగ్గరి చుట్టం, డిస్పైట్‌కు మాత్రం సూటిగా సరిపోయే మాట మనకు లేదు. దాన్ని వాడాలంటే ముందు క్రియను నామంగా మార్చుకోవాలి, అలా మార్చినప్పుడు ఆ క్రియకు కర్తగా ఉన్నవాడు ఏమవుతాడు అన్న ప్రశ్న వస్తుంది. పొసెసివ్, అంటే ‘ఎవరిది’ అని తెలిపే రూపం, అవసరపడేది సరిగ్గా అక్కడే.

‘ది టీమ్ వర్క్‌డ్ హార్డ్’ అన్నది ‘ది టీమ్స్ హార్డ్ వర్క్’ అవుతుంది. ‘హి అరైవ్‌డ్ లేట్’ అన్నది ‘హిజ్ లేట్ అరైవల్’ అవుతుంది. ‘దే అబ్జెక్టెడ్ స్ట్రాంగ్లీ’ అన్నది ‘దెయిర్ స్ట్రాంగ్ అబ్జెక్షన్’ అవుతుంది. క్రియ నామమైంది, క్రియావిశేషణం విశేషణమైంది, కర్త స్వంతదారు అయ్యాడు. మీరు అడిగిన వాక్యాల్లో ప్రిపోజిషను, పొసెసివూ, వైరుధ్యమూ ఒకే చోట చేరడం యాదృచ్ఛికం కాదు. ప్రిపోజిషన్‌తో వైరుధ్యం చెప్పాలనుకున్నప్పుడు కర్తను నిలుపుకోవడానికి ఆంగ్లానికి ఉన్న ప్రధానమైన దారి పొసెసివే.

ఈ మార్పు మనకు కొత్తదేమీ కాదు. ‘నేను వచ్చాను’ అన్న వాక్యాన్ని నామంగా మారిస్తే తెలుగులో రెండు రూపాలు వస్తాయి. ఒకటి ‘నా రాక’, రెండవది ‘నేను రావడం’. రాక అన్న మాట పూర్తిగా నామమైపోయింది కాబట్టి అది ‘నా’ను కోరుతుంది. రావడం అన్న మాటలో క్రియ పోలిక ఇంకా మిగిలి ఉంది కాబట్టి దాని పక్కన ‘నేను’ అలాగే నిలిచింది. ‘నా రావడం’ అని ఎవరూ అనరు. ఆంగ్లంలోని ‘కమింగ్’ మనకు ‘రావడం’లా వినిపిస్తుంది, అందువల్ల ‘నేను రావడం’ అన్న అలవాటుతో ‘డిస్పైట్ ఐ కమింగ్ లేట్’ అని రాసేస్తాం. ఆంగ్లం అక్కడ ‘ఐ’ని ఒప్పుకోదు, ‘డిస్పైట్ మై కమింగ్ లేట్’ అనాలి. తెలుగు ‘రాక’ను ఎలా పలుకుతుందో ఆంగ్లం ‘కమింగ్’ను కూడా అలా పలుకుతుందని గుర్తుంచుకుంటే ఈ తప్పు దొర్లదు.

ఇక డిస్పైట్ పక్కన ‘ఆఫ్’ గురించి. ఇన్ స్పైట్ ఆఫ్ అన్నదాంట్లో ఆఫ్ ఉంది కాబట్టి చెవి దాన్ని ఇక్కడికీ మోసుకొస్తుంది. నిజానికి డిస్పైట్ కూడా ఒకప్పుడు నామపదమే. చిన్నచూపు, తిరస్కారం అనే అర్థంలో పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని లాటిన్ మూలానికి ‘పై నుంచి కిందికి చూడడం’ అని అర్థం. స్పైట్ అన్న మాట కూడా దాని పొట్టి రూపమే. పాత ఆంగ్ల రచనల్లో ‘ఇన్ డిస్పైట్ ఆఫ్’ కనిపిస్తుంది. కాలక్రమంలో ముందున్న ‘ఇన్’, వెనకున్న ‘ఆఫ్’ రెండూ రాలిపోయి డిస్పైట్ ఒక్కటే ప్రిపోజిషన్‌గా మిగిలింది. కాబట్టి నేటి రచనలో అయితే ‘ఇన్ స్పైట్ ఆఫ్’ అని రెండూ ఉండాలి, లేదంటే ‘డిస్పైట్’ అని రెండూ పోవాలి.


సమాధానం 2 (కామా తర్వాత):

వాక్యశిల్పి గారు చెప్పినదంతా సబబుగా ఉంది. మూడవ వాక్యాన్ని వారు వదిలేశారు కాబట్టి దాని గురించి రాస్తాను.

ఆల్దోతో మొదలుపెట్టి మధ్యలో బట్ పెట్టడం మనలో చాలామంది చేసే పొరపాటు. తెలుగు ప్రభావం అని సులువుగా అనేస్తారు గానీ, ‘పరీక్ష గట్టెక్కినా కానీ ఖర్చు ఎక్కువైంది’ అని మనం శ్రద్ధగా రాసే తెలుగులో ఎవరూ రాయరు. నాకు తోచిన కారణం వేరు. ‘గట్టెక్కినా’ అన్నప్పుడు వైరుధ్యం గుర్తు సరిగ్గా రెండు భాగాలూ కలిసే అతుకు దగ్గర ఉంటుంది. ఆంగ్లంలో ఆల్దో వాక్యం మొదట్లోనే వచ్చేసి, అతుకు దగ్గర ఒట్టి కామా మిగులుతుంది. మన చెవి అక్కడ ఏదో ఒక మాటను ఆశిస్తుంది, ఆ ఖాళీలో బట్‌ను కూర్చోబెడతాం. ఆల్దో ఒక భాగాన్ని మరో భాగానికి లోబరుస్తుంది, బట్ రెండు భాగాలనూ సమానంగా కలుపుతుంది. ఒకే అతుకుకు ఈ రెండూ పనికిరావు. అతుకు దగ్గర మాట లేకపోతే మీకు మరీ వెలితిగా ఉంటే ‘స్టిల్’ వాడవచ్చు, అది క్రియావిశేషణం కాబట్టి అభ్యంతరం లేదు. లేదా ఆల్దోను తీసేసి బట్ ఒక్కదాన్నే ఉంచండి.

దీనికి తోడు మరొక చిక్కు ఉంది. ‘ఎంత చదివినా కూడా’ అని మనం ‘కూడా’ చేర్చి పలుకుతాం. ఆ కూడాను ‘ఈవెన్’ చేసి ‘ఈవెన్ ఐ స్టడీడ్, ఐ ఫెయిల్‌డ్’ అని రాసేవారు ఉన్నారు. ఈవెన్ ఒక్కటే కంజంక్షన్ కాదు. ఆ వాక్యం మొదటి ముక్కకు ‘నేను సైతం చదివాను’ అని అర్థం వస్తుంది, చెప్పదలచినది పూర్తిగా మారిపోతుంది. ఈవెన్ పక్కన దో గానీ ఇఫ్ గానీ తప్పనిసరి, ఆ రెండింటికీ తేడా ఉంది: జరిగిపోయిన దానికి ఈవెన్ దో, జరుగుతుందో లేదో తెలియని దానికి ఈవెన్ ఇఫ్. తెలుగులో ‘వర్షం పడినా వెళ్లాను’, ‘వర్షం పడినా వెళ్తాను’ అని రెండు చోట్లా ఒకే రూపం సరిపోతుంది కాబట్టి ఈ తేడా మన కంటికి ఆనదు.

ఇప్పుడు మీ ‘ఇట్స్’. అపాస్ట్రఫీ ఉన్న ఇట్స్ అంటే ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హ్యాజ్’. అపాస్ట్రఫీ లేనిది ‘దాని’. టీమ్, మెషీన్ వంటి నామాలకు పొసెసివ్‌లో అపాస్ట్రఫీ పెడతాం కాబట్టి దీనికీ పెట్టాలనిపించడం సహజమే, కానీ హిజ్, హర్, దెయిర్ అన్నవాటికి పెట్టనట్టే దీనికీ పెట్టరు. నిజానికి ‘ఇట్స్’ ఆంగ్లంలో కాస్త ఆలస్యంగా పుట్టిన మాట. అంతకు ముందు ‘దాని’ అనడానికి కూడా హిజ్ అనే వాడేవారు. 1611లో అచ్చయిన ఆంగ్ల బైబిలు అనువాదంలో పొసెసివ్ ఇట్స్ కనిపించదు. అది వాడుకలోకి వచ్చాక కూడా చాలాకాలం అపాస్ట్రఫీతోనే రాసినవారు ఉన్నారు, కనుక మీది ఆంగ్లేయులు సైతం చేసిన పొరపాటే.

ఇక్కడ ప్రిపోజిషన్ మీకు ఒక సాయం చేస్తుంది. డిస్పైట్ తర్వాత ఉపవాక్యం రాదని చూశాం కదా. ‘ఇట్ ఈజ్’ అంటే ఉపవాక్యమే. అందువల్ల డిస్పైట్, ఇన్ స్పైట్ ఆఫ్, అన్‌లైక్ వంటివాటి వెంటనే వచ్చే ఇట్స్‌కు అపాస్ట్రఫీ పెట్టే అవసరం రాదు. ‘డిస్పైట్ ఇట్స్ సైజ్’ అన్నచోట ఆలోచించనే అక్కరలేదు. ఆల్దో తర్వాత మాత్రం రెండూ రావచ్చు: ‘ఆల్దో ఇట్స్ రెయినింగ్’ అన్నప్పుడు అపాస్ట్రఫీ ఉంటుంది, ‘ఆల్దో ఇట్స్ రూఫ్ లీక్స్’ అన్నప్పుడు ఉండదు. అక్కడ విడదీసి చదివి చూసుకోవాలి.


నివేదికల బల్ల:

ఇద్దరికీ ధన్యవాదాలు. నేను రావడం, నా రాక అన్న పోలిక నాకు చాలా ఉపకరించింది. అయితే దానితోనే మరో సందేహం పుట్టింది. ‘డిస్పైట్ మై కమింగ్ లేట్’ అనాలని వాక్యశిల్పి గారు రాశారు. కానీ నేను చదివే పత్రికల్లోనూ వినే సంభాషణల్లోనూ ‘డిస్పైట్ మి కమింగ్ లేట్’, ‘డిస్పైట్ హిమ్ బీయింగ్ ఇల్’ వంటివి తరచుగా కనిపిస్తున్నాయి. అవి తప్పులా? అలాగే నాలుగవ వాక్యంలో పొరపాటు ఎక్కడుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.


సమాధానం 3 (ఇంటి వాకిలి):

నాలుగవ వాక్యం గురించి నేను చెబుతాను. నాకు ఈ పొరపాటు తెలిసిరావడానికి చాలాకాలం పట్టింది.

అన్‌లైక్ కూడా ప్రిపోజిషనే. అది తన తర్వాతి నామాన్ని ప్రధాన వాక్యపు కర్తతో పోల్చుతుంది. మీ వాక్యంలో అన్‌లైక్ పక్కన ఉన్నది మొదటి యంత్రం. ప్రధాన వాక్యానికి కర్త ఏది? రెండవ యంత్రం కాదు, దాని చప్పుడు. అంటే యంత్రాన్ని చప్పుడుతో పోల్చారన్నమాట. యంత్రాన్ని యంత్రంతోనైనా పోల్చాలి, చప్పుడును చప్పుడుతోనైనా పోల్చాలి. ‘అన్‌లైక్ ది ఫస్ట్ మెషీన్, ది సెకండ్ మేక్స్ లిటిల్ నాయిజ్’ అంటే మొదటి పద్ధతి. ‘అన్‌లైక్ ది ఫస్ట్ మెషీన్స్, ది సెకండ్ మెషీన్స్ నాయిజ్ ఈజ్ లో’ అంటే రెండవది. ఈ రెండవ వాక్యంలో మొదటి ‘మెషీన్స్’కు ఎస్ ముందు అపాస్ట్రఫీ ఉంటుంది, దాని తర్వాత రావలసిన నాయిజ్ అన్న మాటను వదిలేశాం. వినడానికి కాస్త బరువుగా ఉంటుంది కాబట్టి నేనైతే మొదటిదే రాస్తాను.

తెలుగులో మనం దీన్ని పట్టించుకోం. ‘నాలా కాకుండా మా చెల్లెలి చేతిరాత గుండ్రంగా ఉంటుంది’ అంటే ఎవరికీ తప్పు తోచదు, వినేవారు సర్దుకుంటారు. ‘అన్‌లైక్ మి, మై సిస్టర్స్ హ్యాండ్‌రైటింగ్ ఈజ్ రౌండ్’ అంటే జాగ్రత్తగా చదివేవారికి ఎర్రగీత గీయాలనిపిస్తుంది. అక్కడ ‘అన్‌లైక్ మైన్’ అనాలి.

దీనికి వెనక ఒక పెద్ద కారణం ఉందని నా నమ్మకం. ‘నా పుస్తకం’ అన్నప్పుడూ, ‘నా మీద’, ‘నా కోసం’, ‘నాలా’ అన్నప్పుడూ మనం వాడేది ఒకే ‘నా’. ఇల్లు అన్న మాటను చూడండి: ‘ఇంటి తలుపు’ అన్నా ‘ఇంటి మీద’ అన్నా మారిన రూపం ఒక్కటే. చిన్నయ సూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇటువంటి మార్పును తెచ్చే ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలు అన్నారు. అంటే తెలుగులో స్వంతానికీ, విభక్తి ముందు నిలవడానికీ పునాది ఒకటే. ఆంగ్లంలో సర్వనామాలకు ఆ పునాది రెండుగా చీలింది. ప్రిపోజిషన్ తర్వాత ‘మి’ ఉంటుంది, స్వంతానికి ‘మై’ ఉంటుంది, స్వంతమైన వస్తువు పేరు చెప్పకుండా వదిలేస్తే ‘మైన్’ అవుతుంది. ‘నాలా కాకుండా’ అన్న ఒక్క మాటలో మనకు ఈ మూడూ కలిసిపోయి ఉంటాయి, అందువల్లే ఆంగ్లంలోకి వెళ్లేటప్పుడు దాన్ని విడదీసుకోవాలి.

విడదీయడానికి సాధనం కూడా తెలుగులోనే ఉంది. మైన్ అంటే ‘నాది’, సిస్టర్స్ అంటే ‘చెల్లెలిది’. వాక్యం రాసే ముందు ‘నాలా కాకుండా’ అన్నచోట ‘నాదానిలా కాకుండా’ అని పెట్టి చూడండి. అది పొసిగితే ఆంగ్లంలో మైన్ కావాలి. ‘నాదానిలా కాకుండా మా చెల్లెలి చేతిరాత గుండ్రంగా ఉంటుంది’ అంటే పొసిగింది. ‘నాదానిలా కాకుండా మా చెల్లెలు గుండ్రంగా రాస్తుంది’ అంటే పొసగలేదు, కాబట్టి అక్కడ ‘అన్‌లైక్ మి’ సరైనది. ‘ఇన్ కాంట్రాస్ట్ టు’, ‘కంపేర్‌డ్ విత్’ అన్నవాటికీ ఇదే పరీక్ష పనికొస్తుంది.


సమాధానం 4 (పాత పాఠకుడు):

‘హిజ్ బీయింగ్’, ‘హిమ్ బీయింగ్’ అన్న తగవు నేటిది కాదు. ఆంగ్ల వాడుకపై పుస్తకం రాసిన ఫౌలర్ సోదరులు 1906లో ‘హిమ్ బీయింగ్’ వంటి కూర్పుకు ‘ఫ్యూజ్‌డ్ పార్టిసిపుల్’ అని పేరు పెట్టి దాన్ని తప్పుగా ఎంచారు. ప్రిపోజిషన్‌కు కర్మ హిమ్ కాదు, బీయింగ్ కాదు, రెండూ కరిగి ఒకటైన ముద్ద అని వారి అభ్యంతరం. డెన్మార్కుకు చెందిన భాషా శాస్త్రవేత్త ఒట్టో యెస్పర్సన్ 1926లో దీన్ని ఖండిస్తూ, పేరుపొందిన రచయితలు ఎంతోకాలంగా రాస్తున్న కూర్పును తప్పనడం తగదని వాదించారు. వాడుక యెస్పర్సన్ పక్షానే నిలిచింది. కనుక మీరు విన్నవి తప్పులు కావు. మాటలో, ఉత్తరాల్లో హిమ్ చెల్లుతుంది. నివేదికలో మాత్రం హిజ్ రాయడమే మంచిది, ఎందుకంటే హిజ్‌ను తప్పుపట్టేవారు ఉండరు, హిమ్‌ను తప్పుపట్టేవారు ఇంకా ఉన్నారు.

అయితే అన్నిచోట్లా పొసెసివ్ ఇమడదు. కర్త పొడవైన పదబంధమైతే దాని చివర అపాస్ట్రఫీ తగిలించడం చాలాసార్లు ఇబ్బందిగా ఉంటుంది. ‘డిస్పైట్ సెవరల్ ఆఫ్ ది మెంబర్స్ బీయింగ్ ఆబ్సెంట్’ అని అలాగే వదిలేయాలి. చూడడం, వినడం వంటి క్రియల తర్వాత కూడా పొసెసివ్ రాదు: ‘ఐ సా హిమ్ కమింగ్’ అంటే అతను వస్తుండగా చూశానని, అక్కడ కమింగ్ నామం కాదు. ఇంకొక జాగ్రత్త ఉంది. కర్తను అసలు చెప్పకుండా ‘డిస్పైట్ బీయింగ్ ఇల్’ అని మొదలుపెడితే, జబ్బుపడినవారు ప్రధాన వాక్యపు కర్తే అయి ఉండాలి. ‘డిస్పైట్ బీయింగ్ ఇల్, ది మేనేజర్ గేవ్ హిమ్ మోర్ వర్క్’ అంటే జబ్బు మేనేజరుకు అంటుకుంటుంది.

ఈ హిజ్, హర్ అన్నవాటిలోనే మరో గొయ్యి ఉంది, దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. ‘సీత హెల్ప్‌డ్ రాధ డిస్పైట్ హర్ ఇల్‌నెస్’ అన్న వాక్యంలో జబ్బు ఎవరికి? ఆంగ్లం చెప్పదు. తెలుగులో ఆ సందేహానికి తావు లేదు. ‘తన అనారోగ్యాన్ని లెక్కచేయకుండా సీత రాధకు సాయపడింది’ అంటే జబ్బు సీతది. ‘ఆమె అనారోగ్యం’ అంటే మరొకరిది. ఈ ‘తన’ మనకు ఎంత విలువైన మాటో ఆంగ్లంలో రాయడం మొదలుపెట్టినప్పుడే నాకు తెలిసింది. ఆంగ్లంలో దాని పని కొంతవరకు ‘ఓన్’ చేస్తుంది: ‘డిస్పైట్ హర్ ఓన్ ఇల్‌నెస్’. లేదా ఆ ముక్కను వాక్యం మొదటికి తెచ్చి ‘డిస్పైట్ హర్ ఇల్‌నెస్, సీత హెల్ప్‌డ్ రాధ’ అంటే పాఠకుడు హర్‌ను వెంటనే వచ్చే కర్తతో కలుపుకుంటాడు. జబ్బు రాధదైతే సర్వనామాన్నే వదిలేసి ‘ఆల్దో రాధ వజ్ ఇల్’ అన్న దారి పట్టడం ఉత్తమం, కాకపోతే అప్పుడు వాక్యం అర్థం కూడా మారుతుంది, సాయపడడానికి జబ్బు అడ్డెలా అయిందో చెప్పవలసి వస్తుంది.

ఇందుకు ఎదురైన పొరపాటు కూడా మనం చేస్తాం, ఉండవలసిన పొసెసివ్‌ను వదిలేస్తాం. ‘చెయ్యి జేబులో పెట్టుకున్నాడు’ అన్నప్పుడు ఎవరి చెయ్యో, ఎవరి జేబో ఆ ‘కొను’ చెప్పేస్తుంది. ఆంగ్లంలో అటువంటి క్రియ లేదు కాబట్టి ‘హి పుట్ హిజ్ హ్యాండ్ ఇన్ హిజ్ పాకెట్’ అని రెండుసార్లూ హిజ్ అనక తప్పదు. డిస్పైట్ తర్వాత కూడా అంతే. ‘భయం ఉన్నా ముందుకు వెళ్లింది’ అన్నదాన్ని ‘డిస్పైట్ ఫియర్’ అంటే ఏదో ఊరూపేరూ లేని భయంలా ఉంటుంది, ‘డిస్పైట్ హర్ ఫియర్’ అంటే ఆమె భయమవుతుంది.

చివరగా, మీకు పనికొచ్చే ఒక కూర్పు: ‘ఫర్ ఆల్ హిజ్ లర్నింగ్’ అంటే ‘అంత చదువుకున్నవాడై ఉండి కూడా’ అని. ఇందులో ఫర్ ఆల్ రెండూ కలిసి డిస్పైట్ పని చేస్తాయి, వాటి వెనక తరచుగా పొసెసివే ఉంటుంది. మన ‘అంత’లో ఉన్న ఎత్తిపొడుపు కూడా అందులో కాస్త ఉంటుంది, అందువల్ల నివేదికల్లో మనుషుల గురించి రాసేటప్పుడు చూసి వాడండి.


సమాధానం 5 (వాక్యశిల్పి):

పాత పాఠకుడు గారు ‘తన’ గురించి రాసినది చదివి ఎంతో సంతోషించాను. పై సమాధానాల్లో బట్‌ను కంజంక్షన్‌గానే చూశాం కాబట్టి దాని గురించి ఒక్క మాట చేర్చాలి. ‘ఎవ్రీవన్ బట్ హిజ్ బ్రదర్ కేమ్’ అంటే అతని తమ్ముడు తప్ప అందరూ వచ్చారని. ఇక్కడ బట్ ప్రిపోజిషన్, దాని తర్వాత నామమే ఉంది. నిజానికి దాని పాత పని ఇదే. ప్రాచీన ఆంగ్లంలో దాని మూలరూపానికి ‘బయట’ అని అర్థం. అందరిలోంచి ఒకణ్ణి బయట పెట్టడం నుంచి ఒక మాటకు మరో మాటను ఎదురు పెట్టడం దాకా ఆ అర్థం సాగింది.

నాట్‌విత్‌స్టాండింగ్ అన్న ప్రిపోజిషన్ కూడా మన కంటికి ఇంపుగా ఉంటుంది. అది నామానికి ముందూ రావచ్చు, మన విభక్తిలా వెనకా రావచ్చు: ‘హిజ్ అబ్జెక్షన్స్ నాట్‌విత్‌స్టాండింగ్’. ఒప్పంద పత్రాల్లో తప్ప మిగతాచోట్ల బరువుగా ఉంటుంది.


నివేదికల బల్ల:

మీరందరూ ఇంత ఓపికగా వివరించినందుకు కృతజ్ఞుణ్ణి. నా వాక్యాలను తిరిగి రాశాను, ఒకసారి చూడండి.

‘డిస్పైట్ ది టీమ్స్ హార్డ్ వర్క్, ది జాబ్ వజ్ నాట్ ఫినిష్‌డ్.’ ‘డిస్పైట్ అవర్ బెస్ట్ ఎఫర్ట్స్, ది ఫస్ట్ టెస్ట్ ఫెయిల్‌డ్.’ ‘ఆల్దో ది సెకండ్ టెస్ట్ సక్సీడెడ్, ఇట్స్ కాస్ట్ వజ్ హై’, ఈసారి అపాస్ట్రఫీ లేదు. ‘అన్‌లైక్ ది ఫస్ట్ మెషీన్, ది సెకండ్ మేక్స్ లిటిల్ నాయిజ్.’

వీటికి తోడు ఇవాళే రాసిన కొత్త వాక్యం ఒకటి ఉంది. విభాగపు అధికారి అభ్యంతరం చెప్పినా మేము పరీక్ష కొనసాగించామని దాని అర్థం: ‘డిస్పైట్ ది మేనేజర్ ఆఫ్ ది యూనిట్స్ అబ్జెక్షన్, వి కంటిన్యూడ్ ది టెస్ట్.’ ఇందులో అపాస్ట్రఫీని యూనిట్‌కు పెట్టాను. అభ్యంతరం చెప్పింది మేనేజరు కదా, అపాస్ట్రఫీ మేనేజరుకు పెట్టాలా?


సమాధానం 6 (ఇంటి వాకిలి):

నాలుగూ సరిగ్గా ఉన్నాయి. కొత్త వాక్యంలో మీరు పెట్టిన చోటు వ్యాకరణపరంగా సరైనదే. ఆంగ్లంలో ఆ ఎస్ ఒక్క మాటకు కాక మొత్తం పదబంధం చివరకు అతుకుతుంది, ‘ది కింగ్ ఆఫ్ ఇంగ్లండ్స్ డాటర్’ అంటే ఇంగ్లండు రాజుగారి కూతురే. అయితే మీ వాక్యాన్ని మొదటిసారి చదివేవారికి ‘విభాగపు అభ్యంతరానికి మేనేజరు’ అన్నట్టు క్షణకాలం వినిపిస్తుంది. తెలుగులో ‘విభాగపు అధికారి అభ్యంతరం’ అని మాటలు ఎలా వరుసగా నిలబడ్డాయో అలాగే నిలబెట్టి ‘డిస్పైట్ ది యూనిట్ మేనేజర్స్ అబ్జెక్షన్’ అని రాయండి, ఆఫ్ కూడా తప్పిపోతుంది. అధికారి ఒక్కరే అయితే అపాస్ట్రఫీ ఎస్‌కు ముందు ఉండాలి, ఇద్దరు ముగ్గురు కలిసి అభ్యంతరం చెప్పి ఉంటే ఎస్ తర్వాత ఉండాలి. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఆ ఒక్కటి మాత్రం పంపే ముందు కంటితో చూసుకోండి.